పెట్టె మీది వాట్లు, క్యాంపులో దొరికే వాట్లు

జులై నెల, కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయలో అప్పర్ పైన్స్ క్యాంప్‌గ్రౌండ్. మధ్యాహ్నం ఒంటి గంట దాటింది. గుంటూరు నుంచి వచ్చిన అమ్మానాన్నలు, ట్రక్కు వెనక తగిలించి లాక్కొచ్చిన ఇంటి ట్రైలర్ లోపల చెమటతో తడిసిపోతున్నారు. బయట బల్ల అవతల చిన్న జనరేటర్ హాయిగా నడుస్తోంది. ఏసీ స్విచ్ వేశాను. ముందు ఫ్యాన్ తిరిగింది. కాసేపటికి కంప్రెసర్ అందుకోబోయింది. జనరేటర్ ఒక్కసారి మూలిగింది, ఆకుపచ్చ లైటు ఆరి ఎర్ర లైటు వెలిగింది. ఇంజిన్ తిరుగుతూనే ఉంది, కరెంటు మాత్రం పోయింది. ఆపి, మళ్లీ తాడు లాగి స్టార్ట్ చేశాను. మళ్లీ అదే. మూడోసారి ప్రయత్నిస్తుండగా రెండయింది. అక్కడ మధ్యాహ్నం పూట జనరేటర్ నడుపుకోనిచ్చేది 12 నుంచి 2 వరకే. ఆపేశాను.

ఏసీకి 1400 వాట్లు చాలని రాసి ఉంది. జనరేటర్ నిలకడగా 1800 ఇస్తుందని రాసి ఉంది. ఇంకా 400 మిగలాలి కదా! ఎందుకు నడవలేదో అర్థం చేసుకోవడానికి ఆ తర్వాత చాలా చదివాను, ఏళ్ల తరబడి క్యాంపింగ్ చేస్తున్నవాళ్లను అడిగాను, నా జనరేటర్‌ను రెండుసార్లు విప్పి చూసుకున్నాను. అమెరికాలో మనవాళ్లు వేసవి రాగానే, ముఖ్యంగా ఊరి నుంచి పెద్దవాళ్లు వచ్చినప్పుడు, ఆర్‌వీ తీసుకుని నేషనల్ పార్కులకు బయల్దేరుతున్నారు. వాళ్లకు ఈ టెన్షన్ లేకుండా చేయగలిగితే చాలని ఇది రాస్తున్నాను.

ఆర్‌వీ అంటే చక్రాల మీద ఇల్లు. ప్రైవేటు పార్కుల్లో దాదాపు ప్రతి స్థలం దగ్గరా కరెంటు, నీళ్లు, డ్రైనేజీ కనెక్షన్లు ఉంటాయి. వాటినే హుకప్స్ అంటారు. యోసెమిటీ క్యాంప్‌గ్రౌండ్లలో అవి లేవు. గ్రాండ్ కేన్యన్ మేథర్ క్యాంప్‌గ్రౌండ్‌లోనూ లేవు. అలాంటి చోట మన కరెంటు మనమే తెచ్చుకోవాలి. అద్దెకిచ్చే మోటర్‌హోముల్లో చాలావాటికి జనరేటర్ బండిలోనే బిగించి ఉంటుంది, ఎక్కువగా 4000 వాట్లది. పెట్రోల్ బండి ట్యాంకు నుంచే తీసుకుంటుంది, ట్యాంకు పావు వంతుకు దిగేసరికి ఆగిపోతుంది. ఇంటికి తిరిగొచ్చేంత పెట్రోల్ మిగలాలని అలా పెట్టారు. అద్దె కంపెనీలు దానికి గంటల లెక్కన ఛార్జి చేయడం మామూలే, కాబట్టి బండి తీసుకునేటప్పుడే జనరేటర్ గంటల మీటరు ఫొటో తీసి పెట్టుకోండి. సొంత ట్రైలర్ ఉన్నవాళ్లకే చేత్తో మోసుకెళ్లే పోర్టబుల్ జనరేటర్ కావాలి. ఈ వ్యాసం దాని గురించే.

రెండు పనులు, రెండు లెక్కలు

జనరేటర్ కొనబోయేవాళ్లు మొదట అడిగేది "ఎన్ని వాట్లది తీసుకోవాలి?" అని. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది "ఏసీ కావాలా, వద్దా?" అన్నది. మిగతావన్నీ దాని మీదే ఆధారపడతాయి.

ట్రైలర్‌లో కరెంటు రెండు రకాలు. లైట్లు, నీళ్ల పంపు, చలికాలంలో హీటర్ ఫ్యాన్ లాంటివి 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తాయి. ఏసీ, మైక్రోవేవ్, గోడ ప్లగ్గులు 120 వోల్టుల మీద నడుస్తాయి. హుకప్ లేని చోట జనరేటర్ చేసే మొదటి పని బ్యాటరీని నింపడం. ఇది చిన్న పని. ట్రైలర్‌లో ఉండే 55 ఆంపుల చార్జర్, దాన్నే కన్వర్టర్ అంటారు, గట్టిగా పని చేసినా 1000 వాట్లకు మించి లాగదు. చార్జర్ పూర్తి వేగంతో పని చేస్తే రెండు గంటల్లో 100 ఆంప్-అవర్ లిథియం బ్యాటరీ దాదాపు నిండుతుంది. పాత రకం లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే చివరి 20 శాతం దగ్గర బాగా నెమ్మదిస్తుంది, దానికి చాలా గంటలు పడుతుంది.

మా నాన్న రాత్రిళ్లు సీప్యాప్ మెషిన్, అంటే నిద్రలో ఊపిరి సరిగా ఆడటానికి గాలి పంపే యంత్రం, పెట్టుకోవాలి. యోసెమిటీలో జనరేటర్ వేళలు పొద్దున 7 నుంచి 9, మధ్యాహ్నం 12 నుంచి 2, సాయంత్రం 5 నుంచి 7. రాత్రంతా జనరేటర్ ఉండదు. మరి మెషిన్ ఎలా? దానిలో నీళ్లు వేడి చేసే హ్యూమిడిఫయర్ ఆపేస్తే మామూలుగా 30 నుంచి 60 వాట్ల మధ్య లాగుతుంది. 40 అనుకుని 8 గంటలు నడిపితే 320 వాట్-అవర్లు. 100 ఆంప్-అవర్ లిథియం బ్యాటరీలో ఉండేది 1280. అంటే పావు వంతు చాలు. లెడ్ యాసిడ్‌లో సగమే వాడుకోవాలి కాబట్టి 600 వాట్-అవర్లే లెక్క, అందులో సగానికి పైగా పోతుంది, అయినా గడుస్తుంది. ఆ మెషిన్‌కు 12 వోల్టుల అడాప్టర్ కొనుక్కుంటే మధ్యలో వృథా కూడా తగ్గుతుంది. ఇంట్లో పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లు ముందు వేయాల్సిన లెక్క ఇదేనని నా అభిప్రాయం. ఏసీ లేకపోతే చెమట పడుతుంది, ఈ మెషిన్ ఆగితే రాత్రంతా ఊపిరికి ఇబ్బంది.

ఇక ఏసీ. ఇది పెద్ద పని. పైకప్పు మీది ఏసీ సాధారణంగా 13,500 లేదా 15,000 బీటీయూది, బీటీయూ అంటే చల్లబరిచే శక్తికి కొలత. చిన్నది నడిచేటప్పుడు 1300 నుంచి 1500 వాట్లు లాగుతుంది, ఎండ ముదిరితే ఇంకా ఎక్కువ. కానీ కంప్రెసర్ కదిలే ఆ ఒక్క క్షణంలో దాదాపు రెట్టింపు అడుగుతుంది. ఆగిపోయిన కారును తోసినట్టే, మొదటి తోపుకు నలుగురు కావాలి, కదిలాక ఇద్దరు చాలు. అందుకే జనరేటర్ పెట్టె మీద రెండు అంకెలుంటాయి. పెద్ద అక్షరాల్లో వేసేది ఆ మొదటి తోపుకు కొన్ని క్షణాలు ఇవ్వగలిగేది. గంటల తరబడి ఇవ్వగలిగేది చిన్న అక్షరాల్లో ఉంటుంది. హోండా ఈయూ2200ఐ పేరులో 2200 ఉన్నా నిలకడగా ఇచ్చేది 1800 వాట్లు. యమహా, ఇతర కంపెనీలవి కూడా ఇదే తీరు. కొనేటప్పుడు చిన్న అంకె చూసి కొనండి.

ఎత్తు తినేసే వాట్లు

పెట్టె మీది చిన్న అంకె కూడా సముద్రమట్టం దగ్గరిదే. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది, ఇంజిన్‌కు అందే ఆక్సిజన్ తగ్గుతుంది. ప్రతి 1000 అడుగులకు సుమారు 3.5 శాతం శక్తి పోతుంది. యోసెమిటీ లోయ 4000 అడుగుల ఎత్తులో ఉంది. 14 శాతం తీసేస్తే 1800 కాస్తా 1550 దగ్గరికి వస్తుంది. గ్రాండ్ కేన్యన్ సౌత్ రిమ్ దాదాపు 7000 అడుగులు, అక్కడ 1360 మిగులుతుంది. బ్రైస్ కేన్యన్ క్యాంప్‌గ్రౌండ్లు సుమారు 8000 అడుగుల ఎత్తులో ఉంటాయి, అక్కడ 1300.

ఇప్పుడు ఆ మధ్యాహ్నం లెక్క మళ్లీ వేద్దాం. మిగిలింది 1550. రాత్రి బాగా వాడటంతో బ్యాటరీ దిగిపోయి ఉంది, కాబట్టి నేను చెప్పకుండానే కన్వర్టర్ ఒక 600 వాట్లు లాగుతోంది. ఏసీకి మిగిలింది 950. నడవడానికే 1400 కావాలి, కదలడానికి అంతకు రెట్టింపు. మూడుసార్లు కాదు, ముప్పైసార్లు లాగినా నడిచేది కాదు. కన్వర్టర్ బ్రేకర్ ఆపి, ఫ్రిజ్‌ను కరెంటు నుంచి ప్రొపేన్ గ్యాస్‌కు మార్చి ఉంటే నడక మటుకు అంచుల్లో సాధ్యమయ్యేది, కంప్రెసర్ కదలడం మాత్రం అప్పటికీ అనుమానమే.

కంప్రెసర్ కదలడానికి మందు ఉంది. సాఫ్ట్ స్టార్ట్ అనే చిన్న పెట్టెను ఏసీలో బిగిస్తే మొదటి తోపు ఒక్కసారిగా కాకుండా మెల్లగా పడుతుంది, ఆ క్షణం లాగే కరెంటు సగానికి పైగా తగ్గుతుంది. సముద్రమట్టం దగ్గర 2200 వాట్ల జనరేటర్ ఒక్కదానితోనే 13,500 బీటీయూ ఏసీ నడిపేవాళ్లు చాలామంది దీన్ని నమ్ముకున్నవాళ్లే. కానీ అది ఎత్తులో పోయిన శక్తిని తిరిగి తేలేదు. కొండల్లో ఏసీ కావాలంటే మూడున్నర వేల వాట్ల తరగతి జనరేటర్ తీసుకోవాలి, లేదా రెండు చిన్నవి జంటగా కలపాలి.

నాకు జంటే నచ్చుతుంది. రెండు ఈయూ2200ఐలను ప్యారలల్ కేబుల్‌తో కలిపితే నిలకడగా 3600 వాట్లు వస్తాయి. 30 ఆంపుల ట్రైలర్ తీసుకోగలిగేది కూడా సరిగ్గా అంతే, 120 వోల్టులు 30 ఆంపులు. చిన్నది ఒక్కోటి 21 కిలోలు, ఒక చేత్తో ట్రక్కు నుంచి దించుకోవచ్చు. పెద్దది 45 కిలోలకు అటూఇటూ ఉంటుంది, చక్రాలున్నా ఇసుకలో అవి దిగబడతాయి. ఏసీ అక్కర్లేని ప్రయాణానికి ఒక్కటే తీసుకెళ్లవచ్చు. రెండింటికీ ఆయిల్ మార్చుకోవాల్సి రావడం ఒక్కటే అదనపు పని.

వంట సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇన్‌స్టంట్ పాట్ 1000 వాట్లు, 110 వోల్టుల ప్రీతి మిక్సీ 550 వాట్లు, చిన్న జనరేటర్‌తో హాయిగా నడుస్తాయి, రెండూ ఒకేసారి వేయకపోతే. 1800 వాట్ల ఇండక్షన్ స్టవ్ వద్దు, ట్రైలర్‌లో ప్రొపేన్ పొయ్యి ఉండనే ఉంది. ఇండియా నుంచి తెచ్చిన 230 వోల్టుల మిక్సీకి ఇక్కడి ఇంట్లో లాగే ఈ ప్లగ్గులోనూ తగిన వోల్టేజీ రాదు.

ఇన్వర్టర్ అంటే ఇక్కడ బ్యాటరీ కాదు

"ఇన్వర్టర్ జనరేటర్" అనగానే మనకు కరెంటు పోతే ఇంట్లో ఫ్యాన్లు తిప్పే బ్యాటరీ పెట్టె గుర్తొస్తుంది. ఇది వేరు. మామూలు జనరేటర్‌లో ఇంజిన్ వేగమే కరెంటు ఫ్రీక్వెన్సీ. అమెరికాలో 60 హెర్ట్జ్ కావాలంటే ఒక్క బల్బు వెలిగించినా ఇంజిన్ నిమిషానికి 3600 చుట్లు తిరగాల్సిందే. మన దగ్గర 50 హెర్ట్జ్ కాబట్టి అదే ఇంజిన్ 3000 చుట్లు తిరుగుతుంది. కరెంటు కోతల రోజుల్లో బజారులో ప్రతి షాపు ముందూ వినిపించిన ఆ ఎడతెగని మోత అదే. ఇన్వర్టర్ రకంలో ఇంజిన్ తయారుచేసిన కరెంటును ముందు డీసీగా, అంటే బ్యాటరీ ఇచ్చే రకం కరెంటుగా మార్చి, ఆ తర్వాత ఎలక్ట్రానిక్స్ సాయంతో గోడ ప్లగ్గులో వచ్చేలాంటి శుభ్రమైన 60 హెర్ట్జ్ కరెంటుగా మలుస్తారు. కాబట్టి లోడు తక్కువగా ఉంటే ఇంజిన్ మెల్లగా తిరగొచ్చు. మోత తగ్గుతుంది, పెట్రోల్ మిగులుతుంది, ల్యాప్‌టాప్‌కూ సీప్యాప్‌కూ ప్రమాదం లేని కరెంటు వస్తుంది. ఈ మెల్లగా తిరిగే సదుపాయాన్నే ఎకో మోడ్ అంటారు. ఏసీ వేసే ముందు మాత్రం దాన్ని ఆపండి, నెమ్మదిగా తిరుగుతున్న ఇంజిన్ కంప్రెసర్ తోపుకు అందుకునేలోపే ట్రిప్ అవుతుంది.

మోత సంగతి మర్యాదతో ఆగేది కాదు, చట్టంలోనే ఉంది. నేషనల్ పార్కుల్లో 50 అడుగుల దూరంలో 60 డెసిబెల్స్ దాటకూడదు. ప్రకటనల్లో వేసే అంకె పావు వంతు లోడు దగ్గర కొలిచినది. ఈయూ2200ఐకి అది 48, పూర్తి లోడులో 57. పది డెసిబెల్స్ పెరిగితే చెవికి దాదాపు రెట్టింపు మోతలా వినిపిస్తుంది, కాబట్టి ఆ తేడా చిన్నదేం కాదు. నిర్మాణ పనుల దగ్గర వాడే, ఇనప చట్రం బిగించిన చవక జనరేటర్లు వాట్లు దండిగా ఇస్తాయి కానీ క్యాంప్‌గ్రౌండ్‌కు వాటిని తేకండి. పక్క స్థలంలో చంటిపిల్లను నిద్రపుచ్చుతున్న తల్లి ఉంటుంది.

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. ఇక్కడ అమ్మే జనరేటర్‌కు రాష్ట్ర కాలుష్య నియంత్రణ బోర్డు ఆమోదం ఉండాలి, అది లేని మోడళ్లను ఆన్‌లైన్‌లో కొన్నా ఈ రాష్ట్రానికి పంపరు. 2021లో వచ్చిన చట్టం ప్రకారం చేసిన నిబంధనల్లో, 2028 నుంచి కొత్తగా తయారయ్యే పోర్టబుల్ జనరేటర్లు పొగ వదలనివే అయి ఉండాలని ఉంది. ఇప్పటికే ఉన్నవి వాడుకోవచ్చు. అడవుల్లోకి వెళ్లేవాళ్లు సైలెన్సర్‌లో నిప్పురవ్వలు బయటికి రాకుండా ఆపే జాలీ ఉందో లేదో కూడా చూసుకోవాలి.

కొత్తవాళ్లను తికమక పెట్టే ఇంకో విషయం. ట్రైలర్‌కు, కరెంటు హెచ్చుతగ్గుల నుంచి కాపాడే మంచి సర్జ్ ప్రొటెక్టర్ ఉంటే, చిన్న జనరేటర్‌కు కలపగానే అది "గ్రౌండ్ లేదు", అంటే ఎర్త్ లేదు, అని కరెంటు రానివ్వదు. జనరేటర్ చెడిపోయిందని వాపసు ఇచ్చినవాళ్లు కూడా ఉన్నారు. చెడిపోవడమేమీ లేదు. ఈ చిన్న జనరేటర్లలో న్యూట్రల్, గ్రౌండ్ తీగలు విడివిడిగా ఉంటాయి. ఆ రెంటినీ లోపల కలిపిన బాండింగ్ ప్లగ్ ఒకటి దొరుకుతుంది, దాన్ని జనరేటర్ ఖాళీ సాకెట్‌లో పెడితే సరిపోతుంది. అది జనరేటర్‌కు మాత్రమే. ఇంటి ప్లగ్గులో గానీ పార్కులో కరెంటు ఇచ్చే స్తంభంలో గానీ ఎప్పుడూ పెట్టకండి.

కనిపించని పొగ

ఇది మాత్రం ఆగి చదవండి. పోర్టబుల్ జనరేటర్ల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వల్ల అమెరికాలో ఏటా సుమారు 100 మంది చనిపోతున్నారని ఇక్కడి వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ చెబుతోంది. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట అది 200 రెట్లకు పైగా బలంగా అతుక్కుంటుంది. ముందు తలనొప్పి, తర్వాత తల తిరగడం, వాంతి. ఎండ దెబ్బ అనుకుని లోపలికి వెళ్లి పడుకుంటారు. ప్రాణాలు పోయేది అక్కడే.

జనరేటర్ కనీసం 20 అడుగుల దూరంలో ఉండాలి, పొగగొట్టం అవతలి వైపుకు తిరిగి ఉండాలి, గాలి మీ వైపు వీస్తుంటే స్థలం మార్చాలి. అది మర్చిపోయి వానకు తడుస్తుందని ట్రైలర్ కింద, పక్కకు జరిగే గది కింద, కప్పు వేసిన ట్రక్కు వెనక పెడతారు. అవన్నీ పొగను పట్టి ఉంచే గుహలే. పక్కవాళ్ల జనరేటర్ పొగ మీ కిటికీలోకి వస్తున్నా వెళ్లి చెప్పండి, మొహమాటం వద్దు. పొగ పెరిగితే దానంతటదే ఆగిపోయే సెన్సర్ కొత్త మోడళ్లలో చాలావాటికి ఉంది, కొనేటప్పుడు అది ఉన్నదే తీసుకోండి. కానీ ఆ సెన్సర్ జనరేటర్ దగ్గర గాలిని చూస్తుంది, మీ మంచం దగ్గర గాలిని కాదు. ట్రైలర్ లోపలి కార్బన్ మోనాక్సైడ్ అలారానికి ఆయువు మామూలుగా 5 నుంచి 7 ఏళ్లు. దాన్ని గోడ నుంచి ఊడదీసి వెనక తేదీ చూడండి. నేను సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ట్రైలర్‌లో టెస్ట్ బటన్ నొక్కితే కూత బాగానే వచ్చింది, వెనక తేదీ చూస్తే గడువు దాటి మూడేళ్లయింది. బటన్ పరీక్షించేది కూతను, సెన్సర్‌ను కాదు.

పెట్రోల్ పోసేటప్పుడు ఇంజిన్ ఆపి, చల్లారనివ్వండి. ట్రైలర్ లోపల పెట్రోల్ డబ్బా పెట్టి ప్రయాణం చేయకండి. ఈ భయం పడలేనివాళ్లకు పెట్రోల్, ప్రొపేన్ రెండింటితోనూ నడిచే రకం మంచి దారి. ట్రైలర్ ముందు సిలిండర్లు ఎలాగూ ఉంటాయి. శక్తి సుమారు పదో వంతు తగ్గుతుంది, కానీ ప్రొపేన్ ఎన్నాళ్లున్నా పాడవదు.

నడిపితే చెడదు, నిలబెడితే చెడుతుంది

నా జనరేటర్ మొదటిసారి మొండికేసింది నవంబరు నుంచి ఏప్రిల్ దాకా గరాజ్‌లో ఉన్న తర్వాత. ఇరవైసార్లు తాడు లాగాను. ఒకటి రెండుసార్లు అందుకుని, చోక్ తీయగానే ఆగిపోయింది. కార్బ్యురేటర్ అడుగు గిన్నె విప్పితే లోపల పెట్రోల్ లేదు, దాని స్థానంలో గోధుమరంగు జిగురు అంటుకుని ఉంది, పాత వార్నిష్ వాసన. మధ్యలో పెట్రోల్ వెళ్లే ఇత్తడి జెట్ తీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే, సూది మొన పట్టేంత ఆ రంధ్రంలోంచి వెలుగు రాలేదు. ఇంజిన్‌లో ఇంకేమీ చెడలేదు. ఆ ఒక్క చుక్కంత రంధ్రం మూసుకుపోవడంతో మొత్తం యంత్రం నిలిచిపోయింది.

ఇక్కడి పెట్రోల్‌లో మామూలుగా 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పెట్రోల్ ఆవిరైపోయాక మిగిలిన మడ్డి జిగురవుతుంది. నెలకు మించి వాడమని అనుకుంటే కార్బ్యురేటర్ ఖాళీ చేసి పెట్టాలి. ఈయూ2200ఐ లాంటి వాటిలో ఇంజిన్ నడుస్తుండగానే పెట్రోల్ ఒక్కటి కట్టేసే స్థానం స్విచ్ మీదే ఉంటుంది. అక్కడికి తిప్పితే కొద్ది నిమిషాలు నడిచి, లోపల ఉన్నది తాగేసి తనే ఆగుతుంది. ట్యాంకులో మిగిలినదాన్ని కారులో పోసేయవచ్చు, లేదా పెట్రోల్ పాడవకుండా చూసే స్టెబిలైజర్ ద్రవం కలిపి కాసేపు ఇంజిన్ నడిపి పెట్టవచ్చు. 15 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోల్ బంకులో చవగ్గా కనిపించినా చిన్న ఇంజిన్లకు పోయకండి. మోటర్‌హోమ్‌లో బిగించిన జనరేటర్ అయితే నెలకోసారి సగం లోడు మీద రెండు గంటలు నడపాలి. వాడకుండా కూర్చోబెడితే అదీ ఇలాగే జిగురు కడుతుంది.

ఆయిల్ విషయంలో చాలామంది పొరబడేది మొదటి రోజే. కొత్త జనరేటర్ పెట్టెలోంచి ఆయిల్ లేకుండా వస్తుంది. ఆయిల్ తక్కువైతే ఇంజిన్‌ను స్టార్ట్ కానివ్వని రక్షణ ఉంటుంది కాబట్టి, పోయకుండా ఎంతసేపు లాగినా చేతులు నొప్పి పుట్టడమే మిగులుతుంది. జనరేటర్ వాలుగా ఉన్నా ఆ రక్షణ పొరబడి ఆపేస్తుంది, అందుకే సమతలంగా పెట్టండి. మొదటి ఆయిల్ మార్పు 20 గంటలకే చేయాలి, కొత్త ఇంజిన్ అరుగుదల నుంచి వచ్చే లోహపు పొడి అందులో చేరుతుంది. ఆ తర్వాత 100 గంటలకు గానీ ఆరు నెలలకు గానీ, ఏది ముందొస్తే అప్పుడు. పట్టేది అర లీటరు లోపే, పావుగంట పని. ఎయిర్ ఫిల్టర్‌ను 50 గంటలకోసారి కడగాలి, అరిజోనా, నెవాడా ఎడారుల్లో దుమ్ము తింటే ఇంకా ముందే. స్పార్క్ ప్లగ్ కొత్తది ఒకటి పెట్టెలో ఉంచుకుంటే చాలు.

ఇంకో చిన్న విషయం, దీని వల్ల ఎందరో అనవసరంగా మెకానిక్ దగ్గరికి పరిగెత్తారు. పెట్రోల్ మూత మీద గాలి పోయే మీట ఒకటి ఉంటుంది. ప్రయాణంలో మూసి, నడిపేటప్పుడు తెరవాలి. తెరవడం మరిస్తే జనరేటర్ బాగానే మొదలై పది, పదిహేను నిమిషాలకు ట్యాంకులో గాలి ఆడక ఆగిపోతుంది. కాసేపాగి లాగితే మళ్లీ నడుస్తుంది, మళ్లీ ఆగుతుంది. అలా జరిగితే ముందు ఆ మీట చూడండి.

మార్చి చివర్లో నా జనరేటర్‌ను బయటికి తీశాను. తాజా పెట్రోల్ పోసి, ఆయిల్ చూసి, చోక్ వేసి లాగితే రెండో లాగుకే అందుకుంది. ఖాళీగా నడపడం పరీక్ష కాదు కాబట్టి, గది హీటర్ ఒకటి 750 వాట్ల దగ్గర పెట్టి అరగంట నడిపాను. నాన్న వీడియో కాల్‌లో చూస్తూ, "ఒరేయ్, ఈసారి ఏసీ నడుస్తుందా?" అని అడిగారు. "ఈసారి మీకు సెప్టెంబరు చివరికి టికెట్లు తీస్తున్నాను నాన్నా, అప్పటికి అక్కడ చల్లబడుతుంది. మీ మెషిన్‌కు బ్యాటరీ కొత్తది వేశాను" అన్నాను.